అమ్మమ్మ పాడే లాటిన్ పాట గుడిలో ఆపేశారు. నిజంగా రోమ్ వద్దందా?

శౌరి_తెనాలి
మా విచారణలో (పారిష్‌లో) మొదటి శుక్రవారం సాయంత్రం ఆరాధన ఉంటుంది. చివర్లో ఫాదర్ గారు దివ్యసత్ప్రసాదంతో (క్రీస్తు శరీరంగా మేం ఆరాధించే అప్పంతో) ఆశీర్వాదం ఇచ్చే ముందు టాంటుమ్ ఎర్గో లాటిన్‌లోనే పాడేవాళ్ళం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. రెండు నెలలుగా ఆపేశారు. ఎవరికీ అర్థం కావడం లేదు, తెలుగులో పాడదాం అని కోరస్ వాళ్ళు అడిగారట, ఫాదర్ గారు సరే అన్నారట.

మా అమ్మమ్మకి 86 ఏళ్ళు. చదువు రాదు, వేలిముద్రే వేస్తుంది. కానీ ఆ పాట రెండు చరణాలూ పొల్లు పోకుండా పాడుతుంది. మొన్న శుక్రవారం అందరూ తెలుగు పాట అందుకుంటే ఆవిడ పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని "ఇంక నాకు గుళ్ళో పాడేది ఏం మిగల్లేదురా" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు.

లాటిన్ వద్దని రోమ్ నుంచే ఉత్తర్వు వచ్చిందని ఒకాయన గట్టిగా చెప్తున్నాడు. వచ్చే ఆదివారం పారిష్ కౌన్సిల్ మీటింగు ఉంది. అక్కడ మాట్లాడాలంటే అసలు సంగతి తెలియాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

కొండమెట్లు
నిజమే అనుకుంటా. 2021లో పోప్ ఫ్రాన్సిస్ లాటిన్ పూజ (మాస్) మీద ఆంక్షలు పెట్టినట్టు పేపర్లో చదివాను.

ఫాతిమా_కోరస్
మీ గుడి నాది కాదు గానీ నేనూ కోరస్‌లో పాడేదాన్నే, అందుకే ఆ పిల్లల తరఫున ఒక మాట. వాళ్ళు అమ్మమ్మగారి మీద పగతో చేసి ఉండరు. మా దగ్గర ఇంటర్ చదివే పిల్లలు పదిమంది ఉన్నారు. అర్థం తెలియని పాట ఇస్తే పుస్తకంలో తల దూర్చి గొణుగుతారు. అదే తెలుగు పాటైతే గుడి దద్దరిల్లుతుంది. దేవుడి ముందు నిలబడి ఏం అంటున్నామో మనకే తెలియకపోతే ఎలా?

సెమినరీ_పాతవిద్యార్థి
కొండమెట్లు గారు చదివింది నిజమే, కానీ అది వేరే విషయం. ఇక్కడ చాలామంది రెండింటిని కలిపేస్తారు.

ఒకటి లాటిన్ భాష. రెండోది పాత పూజా విధానం. ట్రెంట్ మహాసభ (16వ శతాబ్దంలో బిషప్పుల పెద్ద సభ) తర్వాత 1570లో పోప్ 5వ పయస్ ఇచ్చిన పూజా గ్రంథం, 1962 దాకా చిన్న చిన్న మార్పులతో వచ్చింది. దాన్నే పాత పూజ అంటాం. 2007 జూలైలో పోప్ 16వ బెనెడిక్ట్ ఆ పూజ చేసుకోవడానికి దారి తెరిచారు. 2021 జూలై 16న పోప్ ఫ్రాన్సిస్ దాన్ని బాగా బిగించారు. ఆంక్షలన్నీ ఆ పాత విధానం మీద, భాష మీద కాదు.

ఇప్పుడు మనం రోజూ చూసే పూజ 1969లో పోప్ 6వ పౌల్ ఇచ్చింది. దాని మూలం లాటిన్‌లోనే ఉంది. మన తెలుగు పూజ దానికి అనువాదం. దాన్ని లాటిన్‌లో చేయడానికి ప్రత్యేకంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం 928వ నియమం చెప్పేది అదే: పూజ లాటిన్‌లో గానీ, ఆమోదం పొందిన మరో భాషలో గానీ చేయాలి.

ఇంకో మాట. రెండో వాటికన్ మహాసభ లాటిన్‌ని తీసేసిందని మనవాళ్ళంతా అంటారు. 1963 డిసెంబర్ 4న ఆ సభ ఇచ్చిన ఆరాధన పత్రం 36వ భాగం చదవండి. లాటిన్‌ని నిలబెట్టుకోవాలి అని ముందు రాసి, ఆ తర్వాత దేశభాషలకు చోటిచ్చింది. 54వ భాగంలో, పూజలో జనం చెప్పాల్సిన భాగాల్ని వాళ్ళు లాటిన్‌లో కూడా కలిసి చెప్పగలిగేలా, పాడగలిగేలా చూడమని ఉంది. ఇక ఆరాధన చివర పాడే ఒక పాట సంగతి చెప్పాలా? శౌరి గారూ, ఏ ఉత్తర్వూ లేదు. మీటింగులో ధైర్యంగా చెప్పండి.

శౌరి_తెనాలి
చాలా థాంక్స్ అన్నా. 36, 54, 928. కాగితం మీద రాసుకున్నాను.

రిటైర్డ్_తపాలా
1961లో నాకు తొమ్మిదేళ్ళు. పీఠం దగ్గర పూజకు సాయం చేసే పిల్లాణ్ణి. మా ఊళ్ళో ఉపదేశి గారు (మతబోధ చెప్పే ఆయన) లాటిన్ జవాబులన్నీ తెలుగు అక్షరాల్లో రాసి బడి పలక అంత అట్టకు అంటించి ఇచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బట్టీ పట్టేవాళ్ళం. పూజ మొదట్లోనే ఫాదర్ గారు మెట్ల కింద నిలబడి "దేవుని పీఠం దగ్గరకు వెళ్తాను" అని లాటిన్‌లో అంటారు. మేం "ఆద్ దేవుమ్ క్వి లెతీఫికాత్ యువెంతూతెమ్ మేయమ్" అనాలి. నా యవ్వనాన్ని సంతోషపెట్టే దేవుని దగ్గరకు అని దాని అర్థం. తొమ్మిదేళ్ళ వాడికి యవ్వనం ఏం తెలుసు? ఇప్పుడు ఈ వయసులో పొద్దున్నే మోకాళ్ళు పట్టుకుని లేస్తూ ఆ మాటే అనుకుంటాను. ఇప్పుడు తెలుస్తోంది.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఆ రోజుల్లో మా అమ్మ, ఆవిడ తోటివాళ్ళు పూజ జరుగుతున్నంతసేపూ జపమాల చెప్పుకునేవాళ్ళు. గంట మోగితే తలెత్తి చూసేవాళ్ళు, మళ్ళీ పూసల్లోకి. ఫాదర్ గారు అటు తిరిగి మెల్లగా చెప్పే మాటలు వాళ్ళ చెవిన పడేవి కావు. తర్వాత తెలుగు వచ్చింది. మొట్టమొదటిసారి "ఇది నా శరీరము" అని తెలుగులో వినపడ్డ రోజున మా నాన్న, పొలంలో పాము కరిచినా కంట నీరు పెట్టని మనిషి, గుళ్ళో వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటికొచ్చి "ఇన్నాళ్ళూ నా ఎదురుగానే అన్నారంటావా ఆ మాట" అన్నాడు.

అందుకే నేను ఏ పక్కా ఉండలేను. నాకు రెండూ కావాలి.

ఫాతిమా_కోరస్
తపాలా తాతగారూ, మీ నాన్నగారి మాట చదివి ఫోన్ పక్కన పెట్టేశాను కాసేపు. నేను చెప్పాలనుకున్నది అదే.

లూథరన్_పక్కిల్లు
గుంటూరు వాణ్ణి, మీ సంఘం కాదు. చాలా రోజులుగా ఒక సందేహం. మేం ప్రభువు ప్రార్థనలో "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అంటాం. మా పక్కింటి ఆరోగ్యమ్మ గారు "మీ నామము పూజింపబడును గాక" అంటారు. దేవుణ్ణి మీరు అంటారేంటి? దూరం పెట్టినట్టు ఉండదా?

ఫాతిమా_కోరస్
మాకు మీరు "నీ" అంటే భయమేస్తుంది. నాన్నని నువ్వు అన్నట్టు :) మేం అన్నం కూడా "మాకు నేటికి ఇవ్వండి" అనే అడుగుతాం. మరియమ్మ తల్లిని కూడా "స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే" అంటాం.

సెమినరీ_పాతవిద్యార్థి
లూథరన్ సోదరుడి ప్రశ్న చాలా విలువైనది. లాటిన్‌లో ఆ ప్రార్థనలో ఉన్నది ఏకవచనమే, "నీ" అనే. "మీ" అన్నది లాటిన్ నుంచి రాలేదు, తెలుగు ఇంటి మర్యాదలోంచి వచ్చింది. మన ప్రార్థనల్లో ఇలా మన నేల మీద పుట్టినవి చాలా ఉన్నాయి, మనమే గమనించం.

పేర్లు చూడండి. పేతురు గారిని మన పెద్దలు రాయప్ప అన్నారు. పేతురు అంటే రాయి కదా, పేరునే అనువదించారు. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు, అందుకే చిన్నప్ప. ఇవి తమిళంలో రాయప్పర్, చిన్నప్పర్‌గా ఉన్నాయి. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్లు పుదుచ్చేరి వైపు నుంచి తెలుగు సీమలోకి వచ్చారు, తమిళ ప్రార్థనల సంప్రదాయం కూడా వాళ్ళ వెంట వచ్చింది. యోసేపు గారు మనకు జోజప్ప. శౌరి గారి పేరు కూడా అలాంటిదే, ఫ్రాన్సిస్ జేవియర్ గారి జేవియరే శౌరి అయింది.

శౌరి_తెనాలి
మా తాత పేరు పెట్టారని మాత్రమే తెలుసు. జేవియర్ అని ఇప్పుడే తెలిసింది.

కొండమెట్లు
మా ఇంట్లో రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య ముగ్గురూ ఉన్నారు. ఇప్పుడు పుట్టిన పిల్లలందరూ రయాన్, ఏథన్. పండుగ రోజు పేరు పెట్టి పిలుద్దామంటే నోరు తిరగదు.

డప్పు_చప్పుడు
పేర్లు, మర్యాదలు బాగానే ఉన్నాయి. కానీ "మన నేల మీద పుట్టినవి" అన్నప్పుడు ఎవరి నేల అని నేను అడుగుతాను.

1969 ఏప్రిల్‌లో మన దేశపు పూజ కోసం రోమ్ పన్నెండు అంశాలకు ఒప్పుకుంది. చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, చేతులు జోడించడం, పీఠాన్ని ముద్దు పెట్టుకునే బదులు చేత్తో తాకి కళ్ళకద్దుకోవడం, కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు, ఫాదర్ గారికి శాలువా, పూలతో ధూపంతో ఆరతి. బెంగళూరులో ఫాదర్ అమలోర్‌పవదాస్ గారు ఆ పని కోసం చాలా కష్టపడ్డారు, ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఆ ఆరతి పళ్ళెం, ఆ సంస్కృతం శ్లోకం ఎక్కణ్ణుంచి వచ్చాయి? మా తాతని గడప తొక్కనివ్వని చోటు నుంచి. ఆయన శ్రీసభలోకి వచ్చిందే అక్కడ నిలబడలేక. మళ్ళీ అదే పళ్ళెం తెచ్చి ఇది నీ సంస్కృతి అంటే నాకు గుండెల్లో కలుక్కుమంటుంది.

మా వాడలో డప్పు ఉంది. పుట్టుకకీ చావుకీ మోగేది అదే. చిన్నప్పుడు క్రిస్మస్ రాత్రి మా చిన్నాన్న డప్పు పట్టుకుని వస్తే గుడి బయటే వాయించమన్నారు. లోపల కీబోర్డు. విదేశం నుంచి వచ్చిన కీబోర్డు లోపల, మా తోలు బయట. ఆ దెబ్బ ఇప్పటికీ మానలేదు నాకు.

రిటైర్డ్_తపాలా
బాబూ, నువ్వన్నది నిజం. మా ఊళ్ళో గుళ్ళో కూర్చునే చోట్లు కూడా వేరుగా ఉండేవి. ఆ ఒక్క తెలుగే అందరం ఒకేలా చెప్పేవాళ్ళం.

కొండమెట్లు
డప్పు గారూ, మా గుణదల మరియమ్మ తల్లి తిరునాళ్ళకి ఫిబ్రవరి 9, 10, 11 రోజుల్లో రండి. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు, కొండెక్కుతారు. ఏ కమిటీ చెప్పింది? ఎవరు రోమ్‌కి ఉత్తరం రాశారు? జనమే తల్లి దగ్గరకు తమకు తెలిసిన పద్ధతిలో వెళ్ళారు. హిందువులూ వస్తారు. మెట్ల మీద డప్పులు కూడా మోగుతాయి.

డప్పు_చప్పుడు
మెట్ల మీద మోగుతాయి, ఒప్పుకుంటాను. నేను పీఠం దగ్గర అడుగుతున్నాను. కాంగోలో 1988లో రోమ్ ఒప్పుకున్న పూజ ఉంది. అందులో పూర్వికుల్ని తలుచుకుంటారు, లయకు అడుగులేస్తూ పీఠం చుట్టూ తిరుగుతారు. వాళ్ళకి కుదిరింది మనకెందుకు కుదరదు?

మంచి మాట కూడా చెప్పాలి. ఇప్పుడున్న మా ఫాదర్ గారు రెండేళ్ళ కిందట కానుకలు తెచ్చేటప్పుడు నాలుగు డప్పులు పెట్టించారు. మా చిన్నాన్న అప్పటికి లేడు.

మిలాన్_కబుర్లు
ఇక్కడ పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. క్యాథలిక్ పూజ అంటే ప్రపంచమంతా ఒకటే అనుకుని వచ్చాను. మిలాన్‌లో మొదటి ఏడాది విభూది బుధవారం నాడు సెలవు పెట్టుకుని గుడికి వెళ్తే విభూది లేదు! పక్కావిడ నవ్వి, మాకు తపస్సు కాలం (ఈస్టర్ ముందు ఉపవాస రోజులు) ఆదివారం మొదలవుతుంది అంది. ఇక్కడ అంబ్రోసు గారి పద్ధతి. ఆగమన కాలం (క్రిస్మస్ ముందు సిద్ధపడే రోజులు) నాలుగు వారాలు కాదు, ఆరు. ఒకరికొకరు సమాధానం (శాంతి) ఇచ్చుకోవడం కూడా కానుకలకు ముందే. 1570లో అందరికీ ఒకే పుస్తకం పెట్టినప్పుడు, రెండు వందల ఏళ్ళకు పైబడిన పద్ధతులు ఉంటే ఉంచుకోవచ్చు అన్నారట. అలా ఇది మిగిలింది.

ఇంకోటి. ఇటలీలో 2020లో కొత్త పూజా పుస్తకం వచ్చింది, పరలోక ప్రార్థనలో ఒక వాక్యం మార్చారు. "మమ్మల్ని శోధనలోకి నడిపించకు" అన్నట్టుండేది, ఇప్పుడు "శోధనకు మమ్మల్ని వదిలేయకు" అన్నట్టు చెప్తారు. నా పక్క కూర్చునే ముసలాయన ఇప్పటికీ పాతదే చెప్తాడు. అంతా ఆగిన తర్వాత ఆయన గొంతు ఒక్కటే వినిపిస్తుంది. శౌరి గారి అమ్మమ్మ సంగతి చదివి ఆయనే గుర్తొచ్చాడు.

కొచ్చి_కోడలు
నేను ఏలూరు పిల్లని, సీరో మలబార్ ఇంట్లో పడ్డాను. రోమ్‌తో ఐక్యంగా లాటిన్ కాని తూర్పు సభలు 23 ఉన్నాయి, వీళ్ళది అందులో ఒకటి. వీళ్ళ పూజని ఖుర్బానా అంటారు. 1962 జూలై 3న మలయాళంలోకి వచ్చింది, అంతకుముందు సిరియాక్. అంటే యేసు ప్రభువు మాట్లాడిన అరమాయికు సొంత చెల్లెలు లాంటి భాష. మా అత్తగారు "కందీశా ఆలాహా" అని మొదలుపెడితే ఒళ్ళు జలదరిస్తుంది. పరిశుద్ధుడైన దేవా అని.

కానీ ఆరాధన పద్ధతి మీద పంతాలకు పోతే ఏమవుతుందో కూడా ఇక్కడే చూశాను. ఫాదర్ గారు జనం వైపు తిరగాలా, పీఠం వైపు తిరగాలా అని. 2021 నవంబర్ నుంచి సగం అటు, సగం ఇటు అని సినడ్ (వీళ్ళ బిషప్పుల సభ) నిర్ణయించింది. ఎర్నాకుళం వాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. గుళ్ళో అరుపులు, పోలీసులు. మా అత్తగారు టీవీ ఆపేసి జపమాల తీసుకున్నారు. దయచేసి తెనాలి మీటింగులో అంత దూరం వెళ్ళకండి తమ్ముడూ. నెమ్మదిగా చెప్పు.

లూథరన్_పక్కిల్లు
సీరో మలబార్ వాళ్ళు మన దగ్గర కూడా ఉన్నారా?

కొచ్చి_కోడలు
ఉన్నారు. ఆదిలాబాద్ మేత్రాసనం (బిషప్ పాలించే ప్రాంతం) 1999లో, శంషాబాద్ 2017లో వచ్చాయి.

డల్లాస్_జోజి
ఇక్కడ ఒక గుడిలో పాత లాటిన్ పూజ ఉంది, మూడేళ్ళుగా అప్పుడప్పుడూ వెళ్తాను. చిన్న పిల్లల తల్లిదండ్రులే ఎక్కువ. ఆడవాళ్ళు తలమీద లేసు గుడ్డ వేసుకుంటారు, మా అమ్మ కొంగు కప్పుకున్నట్టే. చేతిలో పుస్తకం, ఒక పక్క లాటిన్, ఇంకో పక్క ఇంగ్లీషు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చుతుంది.

అయితే ఫాతిమా గారి అర్థం మాట మీద ఒకటి చెప్పాలి. నెలకోసారి తెలుగు పూజ పెట్టుకుంటాం. మా అమ్మాయికి 11 ఏళ్ళు, తెలుగు చదవలేదు. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అన్నది ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చాను. తపాలా తాతగారికి ఉపదేశి గారు తెలుగు అక్షరాల్లో లాటిన్ రాసిచ్చినట్టే. మా పిల్లలకి తెలుగే లాటిన్ అయిపోయింది. ఆపేయనా మరి? నాయనమ్మ వీడియో కాల్‌లో జపమాల చెప్తుంటే మా పిల్ల జవాబు చెప్తుంది. అర్థం సగమే తెలుసు. నాయనమ్మకి మాత్రం పూర్తిగా అర్థమవుతుంది, తన మనవరాలు తనతో కలిసి ప్రార్థిస్తోందని.

ఫాతిమా_కోరస్
జోజి అన్నా, నాకూ ఇరవై ఏళ్ళు వచ్చేదాకా "ఏలినవారు మీతో ఉన్నారు"లో ఏలినవారు అంటే ప్రభువు అని తెలియదు. ఎవరో పెద్దాయన పేరనుకున్నాను. అయినా రోజూ చెప్పాను. కాబట్టి నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను, పూర్తిగా కాదు. టాంటుమ్ ఎర్గో అర్థం ఎవరైనా తెలుగులో చెప్పండి. మా పిల్లలకి చెప్పి చూస్తాను.

సెమినరీ_పాతవిద్యార్థి
1264లో పోప్ 4వ అర్బన్ దివ్యసత్ప్రసాద మహోత్సవాన్ని అన్ని సభలకూ పెట్టారు. ఆ పండుగ కోసం పునీత తోమాస్ అక్వీనాస్ గారు రాసిన పెద్ద పాటలో చివరి రెండు చరణాలు ఇవి. మొదటి చరణం భావం ఇలా ఉంటుంది: ఇంత గొప్ప సంస్కారం ముందు నేలకు వంగి ఆరాధిద్దాం. పాత ఆచారం కొత్త విధికి చోటివ్వాలి. ఇంద్రియాలకు అందని చోట విశ్వాసం తోడు నిలవాలి. రెండోది పితకూ, పుత్రునికీ, ఇద్దరి నుంచి వచ్చే పవిత్రాత్మకూ స్తుతి.

ఫాతిమా_కోరస్
"పాత ఆచారం కొత్త విధికి చోటివ్వాలి" అని ఆ పాటలోనే ఉందా! అయితే మా కోరస్ పిల్లలదే గెలుపు కదా :)

సెమినరీ_పాతవిద్యార్థి
అది పాత నిబంధన బలుల గురించమ్మా. దాని తర్వాతి మాట కూడా చూడు. చదువు రాని అమ్మమ్మగారు అన్నేళ్ళు ఏం పట్టుకుని పాడారో అందులో ఉంది.

ఇంకొకటి, లాటినే మొదటి భాష అని ఎవరూ అనుకోకూడదు. రోమ్‌లో మొదట పూజ గ్రీకులో జరిగేది. 4వ శతాబ్దం నాటికి జనానికి అర్థం కావాలని లాటిన్‌కి మార్చారు. అప్పటికి అదే వాళ్ళ తెలుగు. లాటిన్ పూజలో కీరియె ఎలెయిసోన్ (ప్రభువా, కరుణించండి) మాత్రం గ్రీకులోనే ఉంది. ఆమెన్, అల్లెలూయా హెబ్రీవే, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. మార్చేటప్పుడు పెద్దలు అన్నీ మార్చలేదు, కొన్ని ముక్కలు అలాగే వదిలారు. మీటింగులో ఈ ఒక్కటి చెప్పినా చాలు.

శౌరి_తెనాలి
మీటింగు అయింది. గంటన్నర పట్టింది. ఉత్తర్వు ఉందన్నాయన 928 చెప్పేసరికి ఆగాడు, కానీ ఒప్పుకోలేదు. కోరస్‌లో ఒకమ్మాయి మాకు ఎవరూ నేర్పలేదు, నేర్పకుండా పాడమంటే ఎలా అంది. అది న్యాయమే అనిపించింది. చివరికి ఫాదర్ గారు, మొదటి చరణం లాటిన్, రెండోది తెలుగు, ఆగమన కాలం దాకా చూద్దాం అన్నారు. నాకు పూర్తి తృప్తి లేదు. రెండో చరణం కూడా అమ్మమ్మకి వచ్చు కదా.

నిన్న సాయంత్రం కోరస్ పిల్లలు ఆరుగురు మా ఇంటికి వచ్చారు నేర్చుకోవడానికి. అమ్మమ్మ మంచం మీద, వాళ్ళు చాప మీద. ఒకడు ఫోన్‌లో చూసి "సెర్నుయి" అని చదివాడు. అమ్మమ్మ ఆపేసి "చెర్నుయి అనాలిరా, ఫాదర్ గారు అలాగే నేర్పారు" అంది. వాడు స్పెల్లింగ్ సీ ఉంది అంటాడు, ఆవిడ వినదు. ఏది సరైనదో చెప్పండి, మళ్ళీ గురువారం వస్తామన్నారు.

సెమినరీ_పాతవిద్యార్థి
అమ్మమ్మగారిదే సరి. రోమ్‌లో అలాగే పలుకుతారు. ఎ ముందు, ఇ ముందు సీ వస్తే చ. అక్షరం రానావిడ నోట్లో అరవై ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉంది చూడండి.

రిటైర్డ్_తపాలా
శౌరీ, రెండో చరణం కూడా నేర్పించెయ్. ఆగమన కాలానికి ఇంకా టైముంది. గురువారం ఫోన్ దగ్గర పెట్టి ఆవిడ గొంతు రికార్డు చెయ్యి బాబూ, మర్చిపోకు. మా ఉపదేశి గారి గొంతు నా దగ్గర లేదు.